బోర్లించిన గంప

బర్నబీ, కెనడా, 14 అక్టోబర్ 2022

పిన్నీ,

నేను బాగున్నాను, కంగారు పడకు. ఫోన్లో చెబితే నవ్వి ఊరుకుంటావని కార్డు రాస్తున్నాను.

ల్యాబ్‌లో నా పని, వేగంగా ఫోటోలు తీసే కెమెరా నుంచి అవి ఆగకుండా కంప్యూటర్లోకి వచ్చేలా చూడటం. ఒకచోట దింపి మళ్ళీ ఇంకోచోటికి మోస్తే ఆలస్యమని, కెమెరా నింపిన చోటనే ప్రోగ్రాం చదువుకునేలా రాశాను. వేగం వచ్చింది గానీ, "ధాత్రీ, ఒక ఫోటోల ఇంకోటి దూరుతుంది చూడు" అన్నాడు పక్క సీటు ప్రణీత్, కరీంనగర్ అబ్బాయి. ప్రోగ్రాం చదవడం పూర్తికాకముందే కెమెరా అక్కడే కొత్తది నింపేస్తోంది. శుక్రవారంలోగా సరిచేయకపోతే నా ల్యాబ్ ఉద్యోగం పోయేది.

అప్పుడు మదనపల్లె మండీలో నువ్వు తిట్టింది గుర్తొచ్చింది. సగం టమోటాలున్న గంపలోనే నేను కొత్తవి పోశాను. "బోర్లించిన గంపలోనే పొయ్యాలమ్మే! ఖాళీ చేసినోళ్ళు బోర్లిస్తారు, అంతవరకు తాకాకు" అన్నావు. ఇక్కడా అదే నియమం పెట్టాను. చదివేసిన చోట ప్రోగ్రాం గుర్తు పెడుతుంది, గుర్తున్న చోటే కెమెరా నింపుతుంది. ఒక్క ఫోటో చెడలేదు.

మండీలో నీ చోటికి రేకులు వేశారా? మోకాలు డాక్టరుకు చూపించావా? ఇటు ఎవరైనా వస్తుంటే చెనిక్కాయల పొడి పంపు. బాబాయికి నమస్కారాలు.

ఈ పద్ధతి ఎవరు నేర్పారో రిపోర్టులో పూర్తి పేరుతో రాయమన్నారు మా ప్రొఫెసర్. నీ పేరు సూర్యకుమారి అని రాసి, ముందు ఇంటిపేరుకు ఖాళీ వదిలాను. పుట్టింటిదా, అత్తింటిదా? బాబాయిని అడక్కు, నువ్వే చెప్పు.

నీ ధాత్రి