ఏరంటే నీళ్లు

నానమ్మా,

ఈ రోజు నీ మునిమనవరాలికి తెలుగులో ఒక మార్కు పోయింది. 'ఏరు' అనే మాటకు అర్థం రాయమంటే 'నీళ్లు' అని రాసింది. సారు ఎర్ర పెన్నుతో కొట్టేసి 'వాగు' అని దిద్దాడు.

ఒళ్లు మండి బడికి వెళ్లాను. "తప్పేంది సార్? మా కోయలో ఏరంటే నీళ్లే గదా!" అన్నాను.

"కావచ్చన్నా. కానీ ఇది తెలుగు పరీక్ష."

"మా ఊళ్లె ఉండుకుంట, మా పిల్లలకు చదువు చెప్పుకుంట, మా మాట ఒక్కటన్నా నేర్సుకోవా?" అని బల్ల మీద గుద్దాను. పిల్లలు బెదిరిపోయారు. నా కూతురు తల వంచుకుంది. దానికి ఆ మాట నేర్పింది నువ్వే, నేను కాదు; ఆ అర్థం నాకు ఈ రోజు అది చెబితేనే తెలిసింది.

ఇంటికి వచ్చినా కోపం చల్లారలేదు. కానీ అది సారు మీద కాదు.

పోయినేడు దవాఖానాలో, నీ ఆఖరి రోజున, నువ్వు కళ్లు మూసుకునే "ఏరు... ఏరు..." అన్నావు.

"ముసలామెకు ఊరి వాగు యాదికొస్తున్నట్టుంది" అంది నర్సు.

చిన్నప్పటి నుంచీ పాల్వంచ హాస్టల్లో తెలుగులోనే పెరిగినవాణ్ని. "అవ్ సిస్టర్, మా ఇంటెనకనే పారుతది" అని తలూపాను. నీ చెవి దగ్గరికి వంగి, "బాగైనంక ఏటికాడికి పోదాంలే నానమ్మా" అన్నాను.

సారు కంటే ముందే నీ మాటను కొట్టేసి దిద్దింది నేనే. అప్పుడు నీళ్ల సీసా నా చేతిలోనే ఉంది.