గాలి బాతు

గద్వాల,
12-8-2004

చిరంజీవి నరహరికి అక్క దీవెనలు.

పుష్కర స్నానానికి మీ అమ్మాయి మానస నడుముకు తొడగమని నువ్వు ముందే పంపిన గాలి ఊదే రబ్బరు బాతు అందింది. అది ఉంటే బిడ్డను పట్టుకోనక్కర్లేదని రాశావు. నిజమేనా, చూద్దామనిపించింది. నాలుగేళ్ల పిల్లంత బరువు తూగేలా బిందె నిండా నీళ్లు నింపి, దాన్ని బాతు నడుమ నిలిపి, పశువుల తొట్టిలో వదిలాను.

పక్కింటి భీమమ్మ, "ఏందక్కా, బిందెకు ఈత నేర్పుతున్నవా?" అని నవ్వింది.

కాసేపు బాగానే తేలింది. నీళ్లను చేత్తో కొంచెం కదిపితే బిందె ఒరిగి మునిగిపోయింది. బాతు మాత్రం పైన నవ్వుతూనే ఉంది.

బీచుపల్లి రేవులో నీళ్లు తొట్టిలోలా నిలిచి ఉండవు. నువ్వు రెండు చేతులా పట్టుకుంటేనే మానస నదిలో దిగుతుంది. లేదంటే ఒడ్డునే కూర్చోబెట్టి నేను చెంబుతో పోస్తాను. కృష్ణమ్మ దాన్నీ స్నానమనే అనుకుంటుంది.

మీ పెద్దక్క