ఇంజన్ స్టాండు కింద నిమ్మకాయలు

అన్నా,

బాగుచేద్దామని నువ్వు దించిపెట్టిన మన కారు ఇంజన్, నువ్వు పోయాక కూడా చిల్లకూరు షెడ్డులో పాత లారీ టైరు మీదే ఉండిపోయింది. జరపాలంటే నలుగురు కావాలి. వానొచ్చి షెడ్డులోకి నీళ్లు చేరితే నాకు నిద్ర పట్టేది కాదు.

మొన్న దానికి స్టాండు కొన్నాను. "మూడు చక్రాలది చాల్లే అన్నా" అన్నాడు అంగడతను. మన గతుకుల నేల మీద అది పల్టీ కొడుతుందని నాలుగు చక్రాలదే తెచ్చాను. ఇక ఎంత వానొచ్చినా దిగులు లేదు.

ఈరోజు ఆయుధపూజ. ఏటా అమ్మ ఇంజన్‌కు బొట్టు పెట్టి, చక్రాల్లేనిదానికి నిమ్మకాయలు ఎక్కడ పెట్టేదని నొచ్చుకునేది కదా. ఈసారి స్టాండు చక్రాల కింద కాయలు పెట్టి, తనే రెండు చేతులా నెట్టింది. కాయలు చిట్లి, ఇంజన్ వాకిలి దాకా వచ్చింది.

"మీ అన్న కారు కదిలింది అబ్బయ్యా!" అంది అమ్మ.