నీలం మూత డబ్బాలో కూరపొడి

నాయనా,

శ్రీ సిటీ కంపెనీ బస్సుకు టైమయింది, నువ్వు నిద్రపోతా ఉంటే లేపలేదు. నీలం మూత డబ్బాలో ఉప్పు లేని కూరపొడి చేసి పెట్టినా. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేయించి, అమ్మ మాదిరే చివర్లో తెల్లగడ్డలు వేసి దంచినా. బెండకాయలు తరిగి పెట్టినా. అవి వేగినాక, పొయ్యి ఆర్పే ముందు ఒక స్పూను పొడి చల్లుకో. డబ్బాలో తడి స్పూను పెట్టొద్దు. ఉప్పు కోసం వెతకొద్దు, డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు గదా. నిన్న ఎదురింటి మునిరత్నమ్మత్తను ఊరగాయ అడిగినావంట. ఆమె నాకు చెప్పేసింది.

అమ్మ ఉన్నప్పుడు ఏం చేసినా "ఉప్పు చాల్లేదు మే" అనేవాడివి. అమ్మ లోపలికి పోయి, పిడికిలి మూసుకుని వచ్చి, నీ ముందరే గిన్నెలో చల్లి కలిపేది. నువ్వు ఒక ముద్ద తిని "ఆ, ఇప్పుడు సరిగా ఉండాది" అనేవాడివి.

లోహిత

ఇంకొక మాట. ఆ పిడికిట్లో ఏమీ ఉండేది కాదు నాయనా. చల్లేటప్పుడు నన్ను చూసి కన్ను గీటేది. ఈ పొడిలో నేనూ అమ్మ చల్లినంత ఉప్పే వేసినా.