గాలి తగ్గని బంతి

నిర్మలా, గుంటూరు బండికి టైమైంది, ఈ చీటీ రాసి పోతున్నా. పాల మీద మూత పెట్టా, పిల్లి తిరుగుతోంది. సాయంత్రం పక్కింటి సుధీర్ వస్తాడు, మేకుకి తగిలించిన వాలీబాల్ ఇచ్చెయ్. మన రేచల్ ఇంక ఆడనంది కదా. ఎందుకే అంటే "ఊరికే నాన్నా" అంటుద్ది. సర్వీసు సరిగ్గా కొట్టలేదని నేను అరిచినందుకా, చదువుకా, ఏందో అర్థం కావట్లా. ఆరేళ్లు నా పక్కన ఆడిన పిల్ల. నీకేమన్నా చెప్పిందా?

ఇప్పుడే బంతి దించి నొక్కి చూశా. ఎవరూ ఆడక రెండు నెలలైనా రాయిలా ఉంది. అది పాత బంతి, వారానికోసారి గాలి కొట్టకపోతే మెత్తబడుద్ది. పంపేమో రేచల్ మంచం కింద ఉంది. ఆడనన్న పిల్లకి ఇదేం పనో. సుధీర్‌కి ఇవ్వమాక. దాన్నేం అడగమాక.