బండికి నీళ్లు

డిసెంబరు 2, 1958. నల్గొండ

కారు మళ్లీ మొరాయించింది. పొద్దుటి చలికి ఇంజన్లో నూనె బిగుసుకుంటోందట. హ్యాండిల్ తిప్పి తిప్పి భుజం పట్టేసింది. కోర్టుకు నడిచే వెళ్లాను. బార్ రూములో అడిగారు — కారేదీ? ఇంకా నిద్ర లేవలేదన్నాను.

డిసెంబరు 4

ఖాదర్ మిస్త్రీ వచ్చాడు. బానెట్ ఎత్తి చూశాడు. తర్వాత — "వకీల్ సాబ్, గీ బండి మస్తు పెద్దమనిషి. జర ఇజ్జత్ ఇయ్యాలె."

ఇజ్జత్ అంటే — రాత్రి రేడియేటర్‌లో నీళ్లు వదిలేయాలి. పొద్దున గోరువెచ్చటి నీళ్లు పోయాలి. బానెట్ మీద దుప్పటి కప్పాలి.

ఇయ్యకపోతే?

"ఏడ కోపమొస్తె ఆడ్నే కూసుంటది. పక్కన మీరు గూడ కూసోవాలె."

డిసెంబరు 7

డిక్కీ సర్దాను. స్టెప్నీ, జాకీ, తాడు, ఇనుప తీగ. నీళ్ల డబ్బా. టార్చి, లాంతరు, అగ్గిపెట్టెలు. రెండు రగ్గులు. అటుకులు, బెల్లం, ఫ్లాస్కు.

తుడవడానికి పాతగుడ్డలు కావాలని కమల పెట్టె తెరిచాను. మూసేశాను.

గుడ్డలు బజారులో కొన్నాను.

డిసెంబరు 8

ఇంత హంగామా సుశీల కోసం. కమల పోయినప్పటి నుంచి మా పిల్ల మక్తల్‌లో అత్తమ్మ దగ్గరే పెరుగుతోంది. ఏడో ఏడు నడుస్తోంది. ఇక్కడి బడిలో వేయాలి. నా దగ్గర ఉండాలి. దసరాకు అడిగితే అత్తమ్మ తల ఊపింది — ఔననా, కాదనా తెలియకుండా.

డిసెంబరు 13. మక్తల్

ఎక్కడా ఆగకుండా వచ్చాను. నాకే నమ్మకం కలగడం లేదు.

అత్తమ్మ కారు చుట్టూ తిరిగింది. సంతలో ఎద్దును చూసినట్టు.

"గిది నడుమల ఆగదా?"

ఆగదన్నాను.

"గా కిరాయోడు గూడ గట్లనే చెప్పిండు."

కిరాయోడు అంటే కమలను హైదరాబాదు దవాఖానకు తీసుకెళ్లినవాడు. షాద్‌నగర్ దగ్గర కారు ఆగింది, కమల దవాఖాన చేరలేదు. ఇలాంటి చలికాలమే... కప్పడానికి కారులో ఒక్క గుడ్డ లేదు.

డిక్కీ తెరిచి చూపించాను. రగ్గులు తడిమింది. లాంతరు ఎత్తి ఊపి చూసింది. అటుకులు నోట్లో వేసుకుంది.

"పిల్లను తోల్కపో. కని దారిల బండి ఆగిందంటె పిల్ల నా తాన్నే ఉంటది. నేనే వచ్చి తీస్కపోత."

సరేనన్నాను.

"వకీలు మాట గాదు. అల్లుని మాట చెప్పు."

అల్లుడి మాటేనన్నాను.

"గడ్డి ఏది మరి?"

ఇది గడ్డి తినదన్నాను. పొద్దున బండికి గోరువెచ్చటి నీళ్లు మాత్రం కావాలన్నాను.

"గంతేనా. నేను జూస్కుంట."

డిసెంబరు 14. దారిలో

దేవరకద్ర దాటాం. ఆగింది.

అదే రోజు, మధ్యాహ్నం. అక్కడే

ముందు ఆవిరి. తర్వాత మూత ఎగిరింది. తెల్లటి చిక్కటి ద్రవం బానెట్ నిండా. మిల్లులో వడ్లు ఉడుకుతున్నట్టు వాసన. నేను ఇంజన్ పుస్తకాల్లో చదివిన రోగాలన్నీ తలచుకుంటూ నిలబడ్డాను. పక్కన సుశీల ముక్కు ఎగబీల్చింది.

"నాయినా, కుడితి వాసనొస్తాంది."

వేలు పెట్టి చూశాను. తవుడు. మెతుకులు.

అర్థమైంది. మంచులో, మసక చీకట్లో బకెట్ అందుకుని పోసేశాను, చూసుకోలేదు. ఆ ఇంట్లో 'బండికి నీళ్లు' అంటే ఎడ్లకు నీళ్లు. చలి పొద్దుల్లో ఎడ్లకు పెట్టేది గోరువెచ్చటి కుడితి. అల్లుడి బండి కదా — తవుడు ఒక పిడికెడు ఎక్కువే వేసి ఉంటుంది.

సుశీల రోడ్డు పక్కన కూలబడి నవ్వింది. "అవ్వ మన బండికి కుడితి తాపింది." నాకూ ఆగలేదు. ఎన్నాళ్లయిందో అలా నవ్వి.

కోసిన జొన్నచేలో గొర్రెల మంద. కాపరి, అతని భార్య వచ్చారు. అతను బానెట్ లోపలికి తొంగిచూసి — "కడుపుబ్బింది సారూ. గొర్రెకైతె నా తాన మందున్నది." ఆమె నా రగ్గుల్లో ఉన్న సుశీలను చూసి — "గవేం ఆపుతయి సలిని, ఇటియ్యి పిల్లను." గొంగడిలో చుట్టి మంట దగ్గర కూర్చోబెట్టింది. గొంగడిలోంచి ముక్కు ఒక్కటే కనిపిస్తోంది. మాటలు మాత్రం అన్నీ వినిపిస్తున్నాయి.

రేడియేటర్ కింది కుళాయి తవుడుతో పూడిపోయింది. తీగతో పొడిచాను. నా డబ్బా నీళ్లు ఒక్క కడుగుకే అయిపోయాయి. కాపరి బావి నుంచి కావడిలో తెచ్చాడు. మళ్లీ కడిగాం. మళ్లీ తవుడు. మా అత్తగారి చెయ్యి పెద్దది.

ఫ్లాస్కులో టీ నలుగురం తాగాం. అటుకులు సగం ఒక గొర్రెపిల్ల తింది. సుశీల దానికి పేరు కూడా పెట్టింది. తోల్కపోదామంది. డిక్కీలో జాగా లేదన్నాను.

"లాంతరు తీసేయి."

డిసెంబరు 15. నల్గొండ

నిన్న పొద్దుగూకేలోపు చేరాం. దారిలో జరిగిన మాటలు ఇవాళ రాస్తున్నాను.

కుడితి సంగతి అవ్వకు చెప్పొద్దన్నాను.

"ఎందుకు?"

బాధపడుతుంది.

"మరి బండి ఆగిందంటె నన్ను తీస్కపోతది గద."

అవును.

"ఆగలేదని చెప్దాం."

అది అబద్ధం.

జడ్చర్ల దాకా వేలితో అద్దం మీద గీతలు గీసింది. దాటాక — "నాయినా, బండి ఆగలేదు. మనమే దిగినం."

నా జూనియర్లకు ఇంత తెలివి లేదు.

డిసెంబరు 16

ఖాదర్ రేడియేటర్ విప్పి నాలుగు మెతుకులు అరచేతిలో పెట్టాడు. సంగతి విని నేల మీద కూర్చుండిపోయాడు, నవ్వు పట్టలేక. "వకీల్ సాబ్, పదిరోజులు గిట్లనే తాపున్రి. పాలు గూడ పిండొచ్చు."

డిసెంబరు 18

సుశీల బడి చూసి వచ్చింది. పంతులమ్మ నచ్చిందట. గంట ఇంకా నచ్చిందట.

ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడుతున్నారు. ఆ ఒక్కరూ తనే.

డిసెంబరు 20

మక్తల్ నుంచి వాయిదాకు వచ్చిన క్లయింటు చెప్పాడు — అత్తమ్మ ఎల్లుండి బస్సులో వస్తోంది.

కేసు నాదే. సాక్ష్యం ఉంది. సాక్షి ఉంది — చిన్నదైనా గట్టిది. బండి ఆగింది నా వల్ల కాదు, నీ బకెట్ వల్ల. ఒక్క మాట చాలు, పిల్ల నా దగ్గరే.

కానీ ఆగిపోయిన ఆ కిరాయి కారును రెండేళ్లుగా తిట్టుకుంటున్న మనిషి ఆమె. ఈ కారును ఆపింది నీ చెయ్యేనని ఆమెకు ఎలా చెప్పను.

చెప్పను.

పిల్లనూ పంపను... ఈ రెండూ ఎలా కుదురుతాయో తెలియదు.

డిసెంబరు 22

వచ్చింది. బస్సుకు కారు తీసుకెళ్తే ఎక్కలేదు. నడిచే వచ్చింది, నేను పక్కన నెమ్మదిగా నడుపుతుండగా. బజారంతా చూసింది.

అన్నం తింటూ అడిగింది — "ఆగిందా?"

సుశీల సిద్ధంగా ఉంది. "ఆగలేదవ్వా. మేమే దిగినం."

"ఎందుకు దిగిన్రు?"

"గొర్లను సూడనీకి."

"సలిలనా?"

"గొంగట్ల కూసున్న. మస్తు ఎచ్చగుండె. నాయిన మస్తు నవ్విండు."

అత్తమ్మ చెయ్యి పళ్లెంలో ఆగింది. "మీ నాయిననా?"

తర్వాత నా వైపు తిరిగింది. "అల్లుడా. ఆగిందా?"

ఆగిందన్నాను.

"దేనికి?"

చలికి.

సుశీల నన్ను చూసింది, కోర్టులో మా పక్షం సాక్షి ఎదురు తిరిగినప్పుడు నేను చూసే చూపు. అత్తమ్మ పెరుగు వేసుకుంది. "మాటంటె మాట," అంది చివరికి. ఔనన్నాను.

చేయి కడుక్కోవడానికి వాకిట్లోకి వెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు. తొంగిచూశాను. కారు ముందు నిలబడి ఉంది. బానెట్ అంచున ఎండి అట్టకట్టిన తెల్లచారను గోటితో గీకుతోంది. గోరు ముక్కు దగ్గర పెట్టుకుంది.

లోపలికి వచ్చి పడుకుంది.

డిసెంబరు 23, పొద్దున

అత్తమ్మ అందరికంటే ముందే లేచింది. టీ పెట్టింది. నాకు గ్లాసు అందించి, ఇంకా చెయ్యి వదలకుండా —

"చలికేనా?"

చలికేనన్నాను.

"వకీలు మాటనా, అల్లుని మాటనా?"

టీ తాగాను. వేడిగా ఉంది.

ఇప్పుడు వాకిట్లో ఎండలో పీట వేసుకుని సుశీలకు తల దువ్వుతోంది. పిల్ల బట్టల మూట అరుగు మీద ఉంది. కట్టింది ఎవరో అడగలేదు. మక్తల్ బస్సు ఎప్పుడని అడిగింది, చెప్పాను. ఎన్ని టికెట్లు తెమ్మంటారు అన్నాను.

"జడలేసినంక చెప్త."

ఒక జడ అయింది. బాగాలేదని విప్పేసింది. మళ్లీ మొదలుపెట్టింది. బస్సుకు వేళవుతోంది. ఆమెకు తొందర లేదు. సుశీల మెడ తిప్పకుండా, కళ్లు మాత్రం తిప్పి నన్ను చూస్తోంది. "సక్కగ కూసో," అంటోంది అత్తమ్మ. "గీ నల్గొండల రోజూ ఎవరేస్తరే నీకు జడలు?"

అడిగింది పిల్లను. చూస్తున్నది నన్ను.