సగం నేర్పిన పాట

రోజీ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున గుణదల మేరీమాత గుడిలో నీ పేరున పూజ పెట్టించాను. పాటలు మొదలయ్యే ముందు, నీ దగ్గర పాటలు నేర్చుకున్న సెలీన హార్మోనియం ముందున్న నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఇవాళైనా మన అమ్మగారు కట్టిన పాట పాడనిస్తారాండీ?" అని అడిగింది.

గుడిలో లాటిన్ పాటలు పోయి తెలుగు పాటలు వచ్చిన కొత్తలో కట్టావు దాన్ని. ఐర్లాండు నుంచి వచ్చిన ఆసుపత్రి సిస్టరు పాడే జోలపాటనూ, మీ అమ్మ పాడే ఊడ్పుల పాటనూ కలిపి, కళ్లు మూసుకుని నెమ్మదిగా పాడేదానివి.

"గుళ్లో పొలం పాటలేంటి? నలుగురూ నవ్వుతారు" అన్నాను.

"ఇది పాడితే మనసు నిమ్మళంగా ఉంటుందండీ" అన్నావు.

అయినా వద్దన్నాను. ఇంట్లో నువ్వు పాడుకుంటున్నా లేచి బయటికి పోయేవాణ్ణి.

ఇవాళ సరేనన్నాను. ఆడపిల్లలు అందుకున్నారు. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో, కూలికి పోయే ఆడవాళ్లు పెదవులు కదిపారు. నా కళ్లకు హార్మోనియం మెట్లు ఆనలేదు. మొదటి చరణం కాగానే పిల్లలు ఆగిపోయారు.

"తర్వాతది పాడండమ్మా" అన్నాను.

"మాకింతవరకే వచ్చండీ" అంది సెలీన తల వంచుకుని. "మీరు వద్దన్నారని అమ్మగారు మిగతాది నేర్పలేదు."

నాకూ రాదు. ఏనాడూ చివరిదాకా విననే లేదు. పాట అయిపోయిందనుకుని జనం ఆమెన్ అన్నారు. నేనూ ఆమెన్ అన్నాను.